అంకె ఎవరిది, అర్థం ఎవరిది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: ఆసుపత్రుల్లో డాక్టర్లకూ ప్రయోగశాల శాస్త్రవేత్తలకూ మధ్య నడుస్తున్న వృత్తిపరమైన పోటీ. కొందరు కోపంతో రాశారు, కొందరు బాధతో రాశారు. వాటిలో ఐదు ఉత్తరాలను ఎంచుకుని, మిగిలినవారి సందేహాలు కూడా వీలైనంతవరకు తీరేలా జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. ఈ శాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీ చేశాను. ఒక రోగికి ప్లేట్‌లెట్ల సంఖ్య 18,000 అని యంత్రం చూపించింది. నాకు నమ్మకం కలగక వార్డుకు ఫోన్ చేసి మరో శాంపిల్ పంపమని అడిగితే, డ్యూటీ డాక్టరు "మీ పని అంకె ఇవ్వడం, సలహాలు ఇవ్వడం కాదు" అని ఫోన్ పెట్టేశారు. మేము డాక్టర్ల కింద పనిచేసేవాళ్లమా, డాక్టర్లతో కలిసి పనిచేసేవాళ్లమా?

జవాబు: ఆ ఫోన్ చేయడం మీ బాధ్యత. దాన్ని మీరు సరిగానే నిర్వర్తించారు. రక్తకణాలను లెక్కించడానికి వాడే ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొద్దిమంది రక్తం ఆ రసాయనంతో కలిసినప్పుడు ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. ఆ గుంపులను యంత్రం ప్లేట్‌లెట్లుగా గుర్తించలేదు కనుక, ఒంట్లో అవి సరిపడా ఉన్నా కాగితం మీద సంఖ్య పడిపోతుంది. రోగికి ఎక్కడా రక్తస్రావం ఉండదు, చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించవు, అయినా రిపోర్టు మాత్రం ప్రాణాపాయం ఉందని చెబుతుంది. దీన్ని పట్టుకోవాలంటే అదే రక్తాన్ని గాజుపలక మీద పల్చగా పరిచి, రంగు వేసి, ఆ పూత చివరి అంచు వరకు మైక్రోస్కోపు కింద ఓపిగ్గా చూడాలి. గుంపులు ఎక్కువగా ఆ అంచుకే చేరతాయి, తొందరలో మధ్యభాగం మాత్రమే చూసినవారికి అవి కనిపించవు. తరువాత సిట్రేట్ అనే, గడ్డకట్టనివ్వని మరో రసాయనం ఉన్న నీలిమూత ట్యూబులో మళ్లీ రక్తం తీసి లెక్కించి, ఆ ద్రవం వల్ల రక్తం పలచబడుతుంది కనుక వచ్చిన సంఖ్యను 1.1తో గుణిస్తారు. కొందరిలో సిట్రేటులో కూడా గుంపులు కడతాయి, అప్పుడు పూత చూసి వేసే అంచనాయే ఆధారం. ఈ పని జరగకపోతే అవసరం లేని ప్లేట్‌లెట్లు ఎక్కించడమో, చేయవలసిన ఆపరేషన్‌ను వాయిదా వేయడమో, ఏ జబ్బూ లేని మనిషికి ఎముక మజ్జ పరీక్ష చేయడమో జరుగుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. ఈ అంకెను నమ్మవచ్చా అన్న విషయంలో తుది మాట ల్యాబుది. నమ్మదగిన అంకె చేతికి వచ్చాక ఈ రోగికి ఏం చేయాలన్న విషయంలో తుది మాట డాక్టరుది. ఆ డాక్టరుగారు మీ పరిధిలోని నిర్ణయాన్ని తన పరిధిలోనిదిగా పొరబడ్డారు, అందువల్ల మీరు అవమానపడ్డారు. అయితే ఫోన్లో మీరు ఏ మాటలు వాడారో మీ ఉత్తరంలో లేదు. "శాంపిల్ బాగాలేదు, మళ్లీ పంపండి" అని మాత్రమే అంటే, పది పనుల మధ్య ఉన్న మనిషికి అది తన మీద నేరం మోపినట్టు వినిపిస్తుంది. "పూత అంచున ప్లేట్‌లెట్లు గుంపులు కట్టాయి, యంత్రం ఇచ్చిన సంఖ్య నిజం కాదు, సిట్రేటు ట్యూబులో మరో శాంపిల్ కావాలి, రోగికి రక్తస్రావం ఏమైనా ఉందా?" అని అడిగితే అవతలి డాక్టరు ఎంత విసుగులో ఉన్నా ఆగి వింటారు. ఆ సమాచారాన్నే రిపోర్టులో వ్యాఖ్యగా కూడా రాయండి. ఫోన్‌లో చెప్పినది మరునాటికి ఎవరికీ గుర్తుండదు.

మీ వర్గంవారు తరచూ చెప్పే మరో మాట గురించి కూడా చెప్పాలి. వైద్య నిర్ణయాల్లో 70 శాతం ల్యాబు ఫలితాల మీదే ఆధారపడతాయని సభల్లోనూ వినతిపత్రాల్లోనూ కనిపిస్తూ ఉంటుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని వెతికినవారికి గట్టి ఆధారం దొరకలేదు. అంకెలకు ఆధారం అడగడమే వృత్తిగా ఉన్నవారు ఆధారం లేని అంకెతో తమ గౌరవం కోసం వాదించకూడదు. మీ గౌరవానికి ఆ ప్లేట్‌లెట్ల పూత ఒక్కటి చాలు.

ప్రశ్న: అత్యవసర విభాగంలో డాక్టరును. రోగి గుండె లయ తప్పుతున్న సమయంలో పొటాషియం పరీక్షకు పంపిస్తే, ల్యాబు నుంచి "రక్తకణాలు చిట్లాయి, మళ్లీ పంపండి" అని తిరిగి వస్తుంది. వాళ్లు రోగిని ఎన్నడూ చూడరు, మాకు మాత్రం నియమాలు చెబుతారు. పైగా ఇప్పుడు తమను కూడా "డాక్టర్" అని పిలవాలని పట్టుబడుతున్నారు. ఇది ఎంతవరకు సమంజసం?

జవాబు: మీ ఆవేదనలో సగం న్యాయం ఉంది. ముందు మిగతా సగం గురించి చెబుతాను. పొటాషియం రక్తకణాల లోపల ఎంతో ఎక్కువగా, బయటి ద్రవంలో ఎంతో తక్కువగా ఉంటుంది. సన్నని సూదితో గట్టిగా లాగినప్పుడో, సిరంజి నుంచి ట్యూబులోకి బలంగా నెట్టినప్పుడో కణాలు చిట్లితే, లోపలి పొటాషియం బయటికి వచ్చి అంకె పెరిగిపోతుంది. ఆ పెరుగుదల రోగిది కాదు, శాంపిల్‌ది. దాన్ని నమ్మి పొటాషియం తగ్గించే మందులు ఇస్తే, నిజంగా పొటాషియం తక్కువగా ఉన్న రోగికి అదే ప్రమాదం అవుతుంది. మరో పొరపాటు ఇంకా ప్రమాదకరమైనది. సీరం ట్యూబులో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని పరీక్షించే ట్యూబులో, రక్తం చాలలేదని ఊదారంగు ట్యూబులోని రక్తాన్ని కొంత అందులోకి వంపుతారు. ఆ ట్యూబులో ఉండేది ఈడీటీఏ పొటాషియం లవణం కాబట్టి పొటాషియం అమాంతం పెరుగుతుంది, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము రెండూ పడిపోతాయి. ఈ మూడూ ఒకేసారి మారాయంటే అనుభవమున్న శాస్త్రవేత్త రోగిని చూడకుండానే ట్యూబుకు ఏం జరిగిందో చెప్పగలరు. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీసినా ఇదే తరహా గందరగోళం వస్తుంది. ల్యాబు పొరపాట్లుగా లెక్కకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం పరీక్ష మొదలుకాకముందే, శాంపిల్ తీసి, పేరు రాసి, పంపించే దశలో జరుగుతాయన్నది చాలాకాలంగా స్థిరపడిన విషయం.

రక్తవాయువుల యంత్రంలో పొటాషియం వెంటనే వస్తుంది కదా అని మీరు అనవచ్చు. అత్యవసరంలో అది వాడవలసిందే. అయితే ఆ యంత్రం కణాలను ద్రవం నుంచి వేరుచేయకుండా రక్తాన్ని అలాగే పరీక్షిస్తుంది కాబట్టి కణాలు చిట్లిన సంగతి కంటికి కనిపించదు. అంకెతో పాటు ఈసీజీని పక్కన పెట్టుకుని నిర్ణయించడం మీ వైద్యవిద్యలోని భాగమే.

ఇప్పుడు మీ పక్షాన ఉన్న న్యాయం. శాంపిల్‌ను తిరస్కరించి కంప్యూటర్లో ఒక వాక్యం పెట్టి ఊరుకోవడం ల్యాబు పని ముగిసినట్టు కాదు. ప్రాణాపాయాన్ని సూచించే ఫలితం వస్తే వెంటనే రోగిని చూస్తున్న డాక్టరుకు చెప్పాలన్న పద్ధతిని 1972లో జార్జ్ లండ్‌బర్గ్ అనే పాథాలజిస్టు (ల్యాబు పరీక్షలతో రోగనిర్ధారణ చేసే వైద్యుడు) ప్రతిపాదించారు. ఇప్పుడు ప్రపంచమంతా అదే పాటిస్తోంది. ప్రాణాపాయంలో ఉన్న రోగి శాంపిల్ తిరస్కరించినప్పుడు కూడా అంతే వేగంగా ఫోన్ రావాలి, ఆ శాంపిల్ మీద వచ్చిన అంకె ఎంతవరకు పనికివస్తుందో కూడా చెప్పాలి. రోగికి సమయం ఎంత విలువైనదో ల్యాబులో కూర్చున్నవారికి తెలియాలంటే మీరు కూడా ఒక పని చేయాలి. పరీక్ష కోరే కాగితంలో రోగ వివరాల గడి దాదాపు ఎప్పుడూ ఖాళీగా వస్తుంది. "డయాలసిస్ రోగి, గుండె లయ తప్పుతోంది" అన్న నాలుగు మాటలు రాస్తే మీ ట్యూబు ముందుకు వస్తుంది.

బిరుదు సంగతి. పీహెచ్‌డీ పొందినవారు విద్యారంగంలో నిస్సందేహంగా డాక్టర్లే, సమావేశంలోనో పరిశోధన పత్రంలోనో వారిని అలా పిలవడానికి ఎవరూ సంకోచించకూడదు. రోగి మంచం దగ్గర మాత్రం ఆ పిలుపుకు "నాకు వైద్యం చేసే మనిషి" అన్న ఒక్క అర్థమే ఉంటుంది కనుక, అక్కడ ఎవరైనా సరే తమ పేరుతో పాటు తాము చేసే పని కూడా చెప్పడం రోగి పట్ల నిజాయితీ. ఈ నియమం డాక్టర్లకు కూడా వర్తిస్తుంది. మాస్టర్స్, పీహెచ్‌డీ చేసిన శాస్త్రవేత్తను "టెక్నీషియన్" అని పిలుస్తూ ఉండి, అవతలివారు మాత్రం తమ బిరుదు విషయంలో జాగ్రత్తగా ఉండాలని కోరడం సబబు కాదు.

ప్రశ్న: నా రిపోర్టులో రెండు ఫలితాలు గీత దాటాయి. ల్యాబులో అడిగితే డాక్టరును అడగమన్నారు, డాక్టరుగారు చూసి "ఏమీ లేదు" అన్నారు. ఎవరిని నమ్మాలి?

జవాబు: ఇద్దరూ తమ పరిధిలో సరిగానే నడుచుకున్నారు, డాక్టరుగారు మాత్రం మరో రెండు వాక్యాలు చెప్పి ఉండవలసింది. సాధారణ పరిమితులను సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఫలితాలు లోపల ఉండేలా నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని ప్రతి 20 మందిలో ఒకరు గీత దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒకేసారి చేయించుకుంటే, పూర్తి ఆరోగ్యంతో ఉన్న మనిషికి కూడా కనీసం ఒక ఫలితం గీత దాటే అవకాశం సుమారు 64 శాతం. కాబట్టి ఎంత దాటింది, పాత రిపోర్టులో ఎంత ఉంది, ఒంట్లో లక్షణాలు ఏమిటి అన్నవే ముఖ్యం. జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ మాత్రలు వాడుతూ ఉంటే ఆ సంగతి ఇద్దరికీ చెప్పండి. అధిక మోతాదులో అది థైరాయిడ్, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నదో లేదో చెప్పేది) వంటి కొన్ని పరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

ప్రశ్న: వైద్య ప్రయోగశాల శాస్త్రం చదువుతున్న విద్యార్థిని. ఈ పోటీ ఎప్పటి నుంచి ఉంది? డాక్టర్లూ శాస్త్రవేత్తలూ సమానంగా పనిచేసిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయా? ల్యాబుకు అధిపతి ఎవరు కావాలి?

జవాబు: అమ్మా, నీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. పోటీ పాతదే, దాని నుంచి వచ్చిన గొప్ప ఫలితాలు కూడా పాతవే. ఇన్సులిన్ కథ చూడు. 1921లో టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్ అనే సర్జన్, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థి సహాయంతో, శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు జాన్ మెక్లియోడ్ ప్రయోగశాలలో పని మొదలుపెట్టారు. ఆ ఏడాది చివర జేమ్స్ కాలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వచ్చి చేరారు. 1922 జనవరి 11న మధుమేహంతో ఉన్న 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు బాంటింగ్, బెస్ట్‌లు క్లోమగ్రంథి నుంచి తయారు చేసిన సారాన్ని ఎక్కిస్తే పెద్దగా ప్రయోజనం లేకపోగా, అందులోని మలినాల వల్ల సూది వేసిన చోట గడ్డ లేచింది. జనవరి 23 నుంచి కాలిప్ శుద్ధి చేసిన సారాన్ని ఇవ్వడం మొదలుపెట్టాక ఆ పిల్లవాడి రక్తంలో చక్కెర దిగింది. ఆ రోజుల్లో వాళ్ల మధ్య ఘర్షణ ఎంత తీవ్రంగా ఉండేదంటే, జనవరి 25న నలుగురూ ఎవరికి వారుగా పేటెంటు తీసుకోబోమని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. 1923లో నోబెల్ బహుమతి బాంటింగ్, మెక్లియోడ్‌లకు వచ్చింది. బాంటింగ్ తన సొమ్ములో సగం బెస్ట్‌కు, మెక్లియోడ్ తన సొమ్ములో సగం కాలిప్‌కు ఇచ్చారు. ఆ ఇవ్వడంలో ఔదార్యం ఎంత ఉందో, అసలు శ్రమ ఎవరిదన్న వాదన కూడా అంతే ఉంది. మందు అవసరమని పట్టుపట్టిన డాక్టరు లేకపోతే పని మొదలయ్యేది కాదు, శుద్ధి చేసే చేయి లేకపోతే ఆ పిల్లవాడు బతికేవాడు కాదు.

మరో ఉదాహరణ మనవారిది. ఎల్లాప్రగడ సుబ్బారావు వైద్యవిద్య చదివి, జీవితమంతా జీవరసాయన ప్రయోగశాలలోనే గడిపారు. 1925లో సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రవేత్తతో కలిసి ఆయన ప్రచురించిన ఫాస్ఫరస్ పరీక్షా పద్ధతి ఆ తరువాత ఎన్నో దశాబ్దాలు ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది. లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం మీద జరిగిన పని నుంచి అమినోప్టెరిన్ అనే మందు వచ్చింది. దాన్ని బోస్టన్‌లో రక్తకాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చినవారు సిడ్నీ ఫార్బర్. 1948లో ఆయన ప్రచురించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా మెరుగు కనిపించింది, పిల్లల రక్తకాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని లోకానికి మొదటిసారి తెలిసింది. ఫార్బర్ పాథాలజిస్టు. మైక్రోస్కోపు దగ్గర ఉండవలసిన మనిషికి వార్డులో ఏం పని అని తోటి డాక్టర్లలో పలువురు ఆయనను వ్యతిరేకించారు. వైద్యుడు ప్రయోగశాలకు వెళ్లడం, ప్రయోగశాల మనిషి మంచం దగ్గరికి రావడం, ఈ రెండూ జరిగినందువల్లే ఆ మందు పిల్లలకు అందింది.

అధిపతి విషయంలో దేశానికో నియమం ఉంది. అమెరికాలో 1988 నాటి చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం, క్లిష్టమైన పరీక్షలు చేసే ల్యాబుకు అర్హతగల డాక్టరుతో పాటు, బోర్డు గుర్తింపు ఉన్న పీహెచ్‌డీ శాస్త్రవేత్త కూడా డైరెక్టరు కావచ్చు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ పాథాలజిస్ట్స్ పరీక్షలు శాస్త్రవేత్తలకు కూడా అందుబాటులో ఉన్నాయి, అవి ఉత్తీర్ణులైనవారు కన్సల్టెంటు స్థాయికి చేరుతున్నారు. నైజీరియాలో 2003 చట్టంతో ఈ వృత్తికి ప్రత్యేక మండలి ఏర్పడినా, డాక్టర్ల సంఘానికీ ఇతర ఆరోగ్య సిబ్బంది సంఘాలకూ మధ్య వివాదాలు సమ్మెల దాకా వెళ్లాయి. భారతదేశంలో 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు, ల్యాబు రిపోర్టుపై పాథాలజీలో పోస్టుగ్రాడ్యుయేట్ అర్హత ఉన్న రిజిస్టర్డు వైద్యుడే సంతకం చేయాలని చెప్పింది. వైద్య ప్రయోగశాలల నాణ్యతకు 2003లో తొలిసారి వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15189 మాత్రం అధిపతికి ఉండవలసిన సామర్థ్యం, బాధ్యతల గురించి చెబుతుంది తప్ప డాక్టరే కావాలని అనదు.

నా అభిప్రాయం ఆ ప్రమాణానికి దగ్గరగా ఉంటుంది. కణజాలం చూసి కాన్సరా కాదా అని తేల్చడం రోగనిర్ధారణ, ఆ సంతకం సాధారణంగా అందుకు శిక్షణ పొందిన డాక్టరుదే కావాలి. జీవరసాయన ల్యాబు నాణ్యతను, యంత్రాల పనితీరును, పద్ధతుల నిర్ధారణను జీవితకాలం అధ్యయనం చేసిన శాస్త్రవేత్త ఉండగా, డిగ్రీ పేరు వేరైనందుకు మాత్రమే అంతకన్నా తక్కువ అనుభవం ఉన్నవారిని పైన కూర్చోబెట్టడం రోగికి మేలు చేయదు. అదే సమయంలో శాస్త్రవేత్తలు రిపోర్టు కింద చికిత్స సలహాలు రాయడం మొదలుపెడితే నేను దాన్ని కూడా అంతే గట్టిగా వ్యతిరేకిస్తాను.

ప్రశ్న: ఒక ఆసుపత్రి పరిపాలన చూస్తున్నాను. మా దగ్గర రెండు వర్గాలూ ఒకే సమావేశంలో కూర్చోవడం లేదు, ఒకరిమీద ఒకరు లిఖితపూర్వకంగా ఫిర్యాదులు పెట్టుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: సర్దిచెప్పే ఉపన్యాసాలతో మొదలుపెట్టకండి. జీతాల్లోనూ పదోన్నతుల్లోనూ నిజంగా అన్యాయం ఉంటే, దాన్ని అహంకారాల గొడవగా చిత్రించిన క్షణంలోనే మీరు ఒక పక్షం నమ్మకాన్ని కోల్పోతారు. శాస్త్రవేత్తలకు ఎక్కడిదాకా ఎదిగే మార్గం ఉందో కాగితం మీద చూపించండి, లేకపోతే ఏర్పాటు చేయండి. ఆ మార్గం మూసి ఉంచి సఖ్యత కోరితే ఎవరూ వినరు.

ఆ పని జరుగుతుండగానే, ల్యాబులో శాంపిల్ తిరస్కరణల పుస్తకం తెప్పించుకోండి. ఏ వార్డు నుంచి వచ్చినవి ఎన్ని, ఏ కారణంతో ఎన్ని వెనక్కి వెళ్లాయో, వాటిలో ఎన్నింటికి ఫోన్ చేశారో, ప్రాణాపాయ ఫలితం వచ్చినప్పటి నుంచి డాక్టరు చెవిన పడేదాకా ఎంతసేపు పట్టిందో విడివిడిగా రాయించండి. మొదటి రెండు అంకెలు వార్డు పనితీరును, తరువాతి రెండు ల్యాబు పనితీరును చూపిస్తాయి. ఆ నాలుగింటినీ ఒకే కాగితం మీద పెట్టి, పేర్లు లేకుండా, వైద్యవిభాగం నుంచి ఒకరినీ ల్యాబు నుంచి ఒకరినీ కలిపి చర్చ నడపమనండి. ఫిర్యాదులు రాసుకున్న పెద్దలు మొదట రాకపోవచ్చు, జూనియర్లను, రక్తం తీసే నర్సులను పిలవండి. ట్యూబులు నిజంగా నింపేది వారే, వారిని వదిలేసి పెద్దలు మాత్రమే చర్చించుకున్న చోట తిరస్కరణలు తగ్గవు. కొత్తగా చేరిన డాక్టర్లకు శాంపిల్ అందుకునే కౌంటరులో కొన్ని రోజులు, కొత్తగా చేరిన శాస్త్రవేత్తలకు అత్యవసర విభాగంలో కొన్ని రాత్రులు పని వేయండి. ఏ శాంపిల్‌ను ఎవరు తిరస్కరించవచ్చు, తిరస్కరిస్తే ఎంతసేపట్లో ఎవరికి చెప్పాలి, అభిప్రాయభేదం వస్తే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అన్న మూడు విషయాలు రెండు వర్గాల సంతకాలతో ఒక్క పేజీలో రాయించి, ల్యాబులోనూ ప్రతి వార్డులోనూ ఫోన్ పక్కన అంటించండి.